కొన తెగిన శంకువు

కారా-బల్తాలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక నీవా కారు ఏడాదిపాటు కదలకుండా నిలబడింది. నా భర్త తొలొగోన్‌ది. ముప్పై ఏళ్ళు దాటిన ఆ కారులో ఆయన ఒక జపాన్ వ్యాను ఇంజిన్ పెట్టాడు. ఇంజిన్ కూర్చుంది, గేర్లు కుదిరాయి, బ్రేకులు పట్టాయి. మిగిలింది సైలెన్సర్ పైపు ఒక్కటే. ఇంజిన్ నుంచి వచ్చే గొట్టం లావు, కారుకి మొదటినుంచీ ఉన్న గొట్టం సన్నం. రెండింటి మధ్యా బెత్తెడు ఖాళీ. ఆ ఖాళీ అలా ఉండగానే, పోయినేడు జూన్ మూడో తేదీన, ఆయన విడిభాగాల బజారు బయట బల్ల మీద కూర్చుని మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు.

నలభయ్యో రోజున సూసమీర్‌లో, అత్తయ్య ఇంట్లో, భోజనాలయ్యాక మా మరిది జుమాదిల్ కారు మాట ఎత్తాడు. అతన్ని తప్పు పట్టను. ఏట్లో పడిపోయిన వ్యానులోంచి ఆ ఇంజిన్‌ని ట్రాక్టరు కట్టి బయటికి లాగింది అతనే. అతని సొంత వ్యాను ఇంజిన్ ఆ వేసవిలోనే పట్టేసింది, అదీ ఇదే రకం. కొండ మీదికి గడ్డి చేరవేయడానికి బండి లేక అతను ఇబ్బంది పడుతున్నాడు. ఇంజిన్ తాను తీసుకుంటానని, మిగతాది పాత ఇనుముకి వేసేద్దామని అన్నాడు.

చనిపోయినవాడి గుర్రాన్ని ఏడాది నిండేదాకా ఎవరూ ఎక్కకూడదు కదా, మరి కారు సంగతేమిటని బంధువుల్లో ఒక పెద్దాయన అడిగాడు. గుర్రమైతే తోక కత్తిరించి ఊరికే వదిలేస్తారు. ఏడాది తిరిగాక సంవత్సరీకం విందు, ఆష్, పెట్టే రోజున దాన్నే కోస్తారు. జుమాదిల్ టీ గిన్నె కింద పెట్టి నవ్వాడు.

"దీని తోక ముందే తెగింది కదా బాబాయ్. ఇంక కొయ్యడమే తరువాయి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటాను. అత్తయ్య మాత్రం నవ్వలేదు. గదిలో చప్పుడు తగ్గేదాకా ఆగి, చేతిలోని రొట్టె ముక్కని బట్ట మీద పెట్టి, ఒక్కొక్క మాటే చెప్పింది.

"ఏడాది నిండేదాకా దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు. గుర్రం ఆష్‌కి తన కాళ్ళ మీద నడిచొస్తుంది. ఇదీ అలాగే రావాలి. ఇంకో బండి లాక్కుని రాకూడదు. వస్తే కోడలిది. రాకపోతే కోసుకుని పంచుకోండి."

జుమాదిల్ సరేనని టీ గిన్నె మళ్ళీ అందుకున్నాడు.

ఈ జూన్ మూడుకి ఏడాది నిండింది. ఆష్ పదిహేనో తేదీన. నాకు పన్నెండు రోజులున్నాయి. నేను బడిలో తొమ్మిదో తరగతికి జామెట్రీ చెబుతాను. కారు నడపడం వచ్చు, పెళ్ళయిన కొత్తలో ఆయనే నేర్పాడు. కారు కిందికి మాత్రం ఎప్పుడూ దూరలేదు.

ఆ కారు నాకెందుకో చెప్పాలంటే పోయినేడు మే నెలలో ఒక సాయంత్రం గురించి చెప్పాలి. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. అరవై మూడు పేపర్లు. తొలొగోన్ గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చేతిలో లావు గొట్టం ముక్క, రెండో చేతిలో సన్న గొట్టం ముక్క. చెప్పులు విప్పలేదు, అంటే లోపలికి వచ్చే ఉద్దేశం లేదు.

"సబీరా, ఈ రెంటినీ కలిపే ముక్క ఒకటి గీసి పెట్టవా. నీకు అయిదు నిమిషాల పని."

నేను తల ఎత్తకుండానే, ఈ పేపర్లు అవనీ అన్నాను. ఆయన సరేనని వెళ్ళిపోయాడు. పేపర్లు మూడు రోజుల్లో అయిపోయాయి. ఆయన మళ్ళీ అడగలేదు. నేను మరిచిపోయాను.

*

జూన్ నాలుగో తేదీ ఉదయం షెడ్డు తలుపు తీశాను. కొలతలు తీసుకోవడానికి బడి ఫిజిక్స్ గదిలోంచి వెర్నియర్ తెచ్చుకున్నాను. కింద పరుచుకోవడానికి ఏదైనా పాత బట్ట ఉంటుందేమోనని డ్రైవరు సీటు కింద చెయ్యి పెడితే, చేతికి రేకు ముక్కలు తగిలాయి.

మూడు ఉన్నాయి. టీ డబ్బాల రేకుని కత్తిరించి, చుట్టి, అంచులు మడిచి నొక్కిన గొట్టాలు. ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఇరుకు. మూడింటి అంచులూ వంకరే. ఒక పక్క పొడుగు, ఇంకో పక్క పొట్టి. ఏ గొట్టానికీ సరిగ్గా ఆనవు. ఒకదాని మడత విప్పి చూశాను. ఆయన రేకు మీద సమలంబ చతుర్భుజం గీశాడు. పైన చిన్న గీత, కింద పెద్ద గీత, రెండూ తిన్ననివే. కొన తెగిన శంకువుని విప్పి పరిస్తే అలా ఉంటుందని అనుకున్నాడు. ఉండదు. పైదీ కిందదీ కూడా వంపు గీతలే అవుతాయి. ప్రతి ఏడూ తొమ్మిదో తరగతిలో సగం మంది ఇదే తప్పు చేస్తారు. నేను ఎర్ర సిరాతో కొట్టేస్తాను.

మూడు సార్లు ప్రయత్నించాడు. రెండోదాని మీద మేకుతో గీసిన అంకెలున్నాయి, కొట్టివేతలున్నాయి. నేను ఇంట్లో పేపర్లు దిద్దుతూ ఉండి ఉంటాను.

షెడ్డులో కొంతసేపు కూర్చున్నాను. తరవాత లేచి, ఆ మూడింటినీ కారు ముందు సొరుగులో పెట్టి, వెర్నియర్ తీసుకుని కారు కిందికి దూరాను.

ఇంజిన్ గొట్టం వెలుపలి వ్యాసం యాభై నాలుగు మిల్లీమీటర్లు. వెనక గొట్టం లోపలి వ్యాసం నలభై రెండు. మధ్యన ఖాళీ పది సెంటీమీటర్లు. వంటింటి బల్ల మీద అట్ట పరిచి, నల్లబల్ల మీద వాడే చెక్క కంపాసు తెరిచాను. నలభై అయిదు సెంటీమీటర్ల వ్యాసార్థంతో ఒక వంపు, ముప్పై అయిదుతో ఇంకో వంపు, మధ్య కోణం ఇరవై ఒకటిన్నర డిగ్రీలు. నిజంగానే అయిదు నిమిషాల పని. గడియారం చూశాను కాబట్టి తెలుసు.

*

పైపులు అతికే ఇస్మార్ దుకాణం రైల్వే గేటు దాటాక ఉంటుంది. ఆయన డుంగాన్ జాతి మనిషి, అరవై దాటాయి, మా ఊళ్ళో సగం కార్ల పొగ ఆయన చేతి మీదుగా పోయిందే. పెద్ద కూతురికి నేను పాఠం చెప్పాను. పొరుగింటాయన ట్రక్కుకి కట్టించి నీవాని అక్కడిదాకా తీసుకెళ్ళాను. ఊళ్ళో లాగించడం లెక్కలోకి రాదని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అత్తయ్య చెప్పింది ఆష్‌కి రావడం గురించి.

ఇస్మార్ బండి కింది గుంటలోకి దిగి టార్చి వేసి చూశాడు. ఇంజిన్ గొట్టం మీద తొలొగోన్ ముందే ముడతల గొట్టం ఒకటి అతికాడనీ, ఇంజిన్ ఊగినా పైపు విరగకుండా అది కాస్తుందనీ, పని తెలిసిన చెయ్యేననీ అన్నాడు. తరవాత నా అట్ట ముక్క చూసి, దాన్ని అటూ ఇటూ తిప్పి, వంతు కోసం కూర్చున్న ఇద్దరు డ్రైవర్లకి చూపించాడు.

"టీచరమ్మ పైపుకి చొక్కా కుట్టించడానికొచ్చింది. కాలరు గీసుకొచ్చింది చూడండి."

ఆ అట్ట నిజంగానే కాలరులా ఉంది. డ్రైవర్లు నవ్వారు. ఇంత తతంగం అక్కర్లేదని ఇస్మార్ నాకు నచ్చజెప్పాడు. లావు గొట్టం చివర నాలుగు చీలికలు కొయ్యడం, తులిప్ పువ్వు రేకల్లా లోపలికి వంచడం, అతికెయ్యడం. పది నిమిషాలు. అందరూ అదే చేయించుకుంటారు, ఒక వేసవి నిలుస్తుంది అన్నాడు. నేను శంకువే కావాలన్నాను. ఎందుకని అడిగాడు. టనెల్ దాటాలి అన్నాను. అదీ నిజమే. మా ఊరి నుంచి సూసమీర్‌కి తొయొ-అషూ కనుమ మీదుగా పోవాలి, కొండ తలలో రెండున్నర కిలోమీటర్ల టనెల్ ఉంటుంది. అందులో గాలి ఆడదు. పైపు కారితే పొగ కారులోకే వస్తుంది.

ఇస్మార్ భుజాలు ఎగరేసి రెండు మిల్లీమీటర్ల రేకు మీద నా అట్టని పెట్టి సుద్దతో గీసుకున్నాడు. కోశాడు. ఒక ఇనుప గొట్టం మీద వేసి సుత్తితో చుట్టాడు. అతుకు మీద మూడు చోట్ల వెల్డింగ్ చుక్కలు పెట్టాడు. నా చేతికిచ్చాడు. చక్కగా ఉంది, అంచులు సమంగా ఉన్నాయి, బల్ల మీద నిలబెడితే ఊగలేదు. నాకు సంతోషం వేసింది.

ఆయన దాన్ని తీసుకుని గుంటలోకి దిగాడు. పొగ వచ్చే వైపు గొట్టం ఎప్పుడూ పోయే వైపు గొట్టంలోకి దూరాలట. ఇంటికప్పు మీద పై వరస రేకు కింది వరస మీదికి జారినట్టు. కనక శంకువు పెద్ద మూతి ఇంజిన్ గొట్టం మీదికి ఎక్కాలి, చిన్న మూతి వెనక గొట్టం లోపలికి దిగాలి. పెద్ద మూతి ఎక్కలేదు. చిన్న మూతి దిగలేదు. రెండు చోట్లా రెండేసి మిల్లీమీటర్లు అడ్డం.

ఇస్మార్ తల పైకి పెట్టి నన్ను చూశాడు. ఈసారి ఎగతాళి లేదు.

"మీ బోర్డు మీద గీతకి మందం లేదు టీచరమ్మా. ఇనుముకి ఉంది."

గీతకి పొడవే గానీ వెడల్పు ఉండదని ఇరవై తొమ్మిదేళ్ళుగా పిల్లల చేత చెప్పిస్తున్నాను. రేకుని చుట్టినప్పుడు లోపలి కొలత ఒకటి, వెలుపలి కొలత ఒకటి అవుతాయి. నేను గీసింది రెండూ కాని నడిమి కొలత. పెద్ద మూతికి లోపలి కొలత కావాలి, చిన్న మూతికి వెలుపలి కొలత కావాలి. తొలొగోన్ తప్పు పిల్లలు చేసేది. నా తప్పు టీచరు మాత్రమే చేసేది.

డ్రైవర్లలో ఒకడు, ఇంక రేకలు వంచెయ్యండి మావా, మా వంతు రానివ్వండి అన్నాడు. ఇస్మార్ కూడా నా వైపు అదే ప్రశ్నతో చూశాడు. నేను ఆ అబ్బాయి బండి ముందు చూడమని, అరగంటలో వస్తానని చెప్పి, బయట ఒక పాత టైరు మీద కూర్చున్నాను. సంచిలో చెక్క కంపాసు ఉంది. పెద్ద మూతికి యాభై ఆరు, చిన్న మూతికి నలభై. వ్యాసార్థం ముప్పై అయిదు, ఇరవై అయిదు. కోణం ఇరవై తొమ్మిదికి కొంచెం తక్కువ. గాలికి అట్ట ఎగరకుండా మోకాలితో నొక్కిపెట్టి గీశాను. గీసి, మళ్ళీ లెక్క సరిచూసి, లోపలికి వెళ్ళాను.

రెండో శంకువు సుత్తితో మూడు దెబ్బలకి పెద్ద మూతి ఎక్కింది. చిన్న మూతి చేత్తో నెడితేనే దిగింది. ఇస్మార్ కళ్ళద్దాలు దించుకుని అతకడం మొదలుపెట్టాడు.

ఆ తరవాత ఆయన నాకు ఒక పరీక్ష నేర్పాడు. ఇంజిన్ ఆన్ చేసి, వెనక పైపు మూతిని గుడ్డతో గట్టిగా మూసి పట్టుకోవాలి. ఎక్కడైనా కారుతుంటే అక్కడ బుస్సుమంటుంది. ఎక్కడా కారకపోతే ఇంజిన్‌కి ఊపిరాడక అదే ఆగిపోతుంది. గుడ్డ నేనే పట్టుకున్నాను. ఇంజిన్ నాలుగు సార్లు దగ్గి ఆగిపోయింది.

పైపు వేలాడే రబ్బర్లు మూడూ పాతవని, మార్చుకోమని ఇస్మార్ గట్టిగానే చెప్పాడు. వేడికి గట్టిపడే లప్పం డబ్బా ఒకటి, కాస్త ఇనుప తీగ చేతిలో పెట్టాడు. నేను బండి ఎక్కాక, అక్కరకి రాని మొదటి శంకువుని వెనక సీటు మీదికి విసిరాడు, ఇంటికెళ్ళి అందులో పూలు పెట్టుకోమని.

రబ్బర్ల కోసం బజారంతా తిరిగాను. రెండు దొరికాయి. మూడోది ఆ కొలతలో లేదు. పాతదే ఉంచేశాను.

*

పద్నాలుగో తేదీ పొద్దున్నే బయలుదేరాను. వెనక సీటు మీద బోర్సోక్ సంచి, రాత్రి కూర్చుని నూనెలో వేయించిన పిండి ముక్కలు. పొరుగింటి వాళ్ళు గేటు దాకా వచ్చారు. ఇంజిన్ ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఏటి పక్క రోడ్డు దాటి కొండ ఎక్కడం మొదలయ్యాక రెండో గేరులో నిదానంగా పోనిచ్చాను. మలుపు మలుపుకీ చలి పెరిగింది. రోడ్డు పక్కన మురికి మంచు కనిపించింది. ఆ ఇంజిన్ శబ్దాన్ని అంతసేపు వినడం నాకు అదే మొదలు. షెడ్డులో తొలొగోన్ దాన్ని ఆన్ చేసినప్పుడు, చప్పుడవుతోందని తలుపు వేసుకునేదాన్ని.

టనెల్‌కి రెండు మలుపులు కింద చక్రం ఒక గుంతలో పడింది. వెనక ఏదో తెగిన చప్పుడు. మరుక్షణం ఇంజిన్ గొంతు మారింది. లోపల పొగ వాసన వచ్చింది. బండి పక్కకి తీసి ఆపాను.

మూడో రబ్బరు తెగింది. పైపు వెనక భాగం కిందికి వేలాడుతోంది. ఆ బరువంతా శంకువు మీద పడి, దాని నడుము దగ్గర అతుకు కింది వైపున వేలు పొడుగున విచ్చుకుంది. టార్చి వేస్తే నల్లటి చీలిక కనబడింది.

వెనకనుంచి వస్తున్న ట్రక్కు ఆగింది. తలాస్ వైపు పోతున్న లావుపాటి మనిషి, తలకి మంకీ టోపీ. దిగి, వంగి చూసి, తన దగ్గర తాడు ఉందని, కట్టి టనెల్ దాటించి అవతల దించుతానని అన్నాడు. వద్దన్నాను. ఇది ఆష్‌కి పోతోందని, ఇంకో బండి లాగకూడదని చెప్పాను. చనిపోయింది ఎవరని అడిగాడు. మా ఆయన అన్నాను. అతను టోపీ సర్దుకున్నాడు.

"అక్కా, ఏమీ అనుకోకు. ఈ పొగతో టనెల్‌లోకి పోయావంటే రెండు ఆష్‌లూ కలిపి పెట్టేస్తారు. వంట ఖర్చు కలిసొస్తుంది గానీ, నువ్వుండవు."

బాగుచేసుకుని వస్తానన్నాను. నా చేతులు చూశాడు. సుద్ద పట్టే చేతులని తెలిసే ఉంటుంది. అవతల టీ కొట్టు దగ్గర ఉంటానని, గంటన్నరలో కనబడకపోతే తాడు తీసుకుని వెనక్కి వస్తానని చెప్పి ట్రక్కు ఎక్కాడు.

పైపు చల్లారేదాకా ఆగాలి. ఆ గాలికి ఎక్కువసేపు పట్టలేదు. ఆగినంతసేపూ ఏం చెయ్యాలో ఆలోచించాను. చీలిక మీద లప్పం పూస్తే నిలవదు, పైన రేకు చుట్టాలి. రేకు ఎక్కడిది అనుకుంటూ వెనక తలుపు తీశాను. బోర్సోక్ సంచి పక్కన మొదటి శంకువు పడి ఉంది.

అది ఏ గొట్టానికీ సరిపోలేదు. కానీ నేను చుట్టవలసింది గొట్టానికి కాదు, రెండో శంకువుకి. లెక్క వేశాను. చిన్న మూతి దగ్గర మొదటిది అర సెంటీమీటరు చాలదు. పెద్ద మూతి దగ్గర వేలి వెడల్పున చాలదు. ఆ సందుని పైకి తిప్పితే చాలు, చీలిక కింద ఉంది.

మొదటి శంకువు అతుకు మీద ఇస్మార్ పెట్టినవి మూడు చుక్కలే. ఉలి ఆనించి, రాయితో కొట్టి, మూడూ విప్పాను. జాకీతో బండి ఎత్తి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, కిందికి దూరాను. లప్పం చీలికలోకి వేలితో కూరి, పైన దట్టంగా పూశాను. రేకుని తెరిచి శంకువుకి తొడిగి రెండు చేతులా మూశాను. మొదటిసారి జారిపోయింది. రెండోసారి తీగ ఒక చుట్టు పడ్డాక జారింది, మోచెయ్యి గీరుకుపోయింది. మూడోసారి మోకాలు పైకి ఎత్తి దాన్ని కింద నుంచి అదిమిపెట్టి, తీగని రెండు చోట్ల చుట్టి, పట్టకారుతో ఇంక తిరగనంతవరకు మెలిపెట్టాను.

పైపుని తీగతో కట్టేస్తే మళ్ళీ విరుగుతుంది, అది ఊగాలి. వెనక టైరు దగ్గర బురద చిందకుండా వేలాడే రబ్బరు పలక ఉంటుంది. ఆష్‌లో రొట్టె కొయ్యడానికి తెచ్చిన కత్తితో అందులోంచి రెండు వేళ్ళ వెడల్పు పట్టీ కోశాను. రెండు చివర్లకీ కన్నాలు పెట్టి కొక్కేలకి తగిలించాను. పైపు తన చోటికి వచ్చింది. చేత్తో కదిపితే ఊగి ఆగింది.

ఇంజిన్ ఆన్ చేశాను. ఆ వేడికే లప్పం గట్టిపడాలి. పావుగంట అలా తిరగనిచ్చాను. తరవాత భుజాలకి చుట్టుకున్న శాలువా విప్పి నాలుగు మడతలు పెట్టి, పైపు మూతికి ఆనించి, బలమంతా పెట్టి నొక్కాను. చెవి పైపుకి దగ్గరగా పెట్టాను. బుస్సుమనలేదు. ఇంజిన్ దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఆగిపోయింది.

చేతులు మంచుతో కడుక్కుని బండి ఎక్కాను.

టనెల్‌లో దీపాలు సగం వెలగడం లేదు. ముందు బండి ఎర్ర లైట్లు చూస్తూ పోయాను. పొగ వాసన బయటిదా లోపలిదా అని మొదట్లో ప్రతి నిమిషం వాసన చూసుకున్నాను. సగం దూరం పోయాక చూసుకోవడం మానేశాను. అవతలి వెలుతురులోకి వచ్చేసరికి కింద సూసమీర్ లోయ అంతా పచ్చగా ఉంది. టీ కొట్టు ముందు ట్రక్కు ఆగి ఉంది. ఆ మనిషి మెట్ల మీద గిన్నెతో కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు. గిన్నె మాత్రం పైకి ఎత్తాడు.

*

ఏటి పక్క మా వాళ్ళ గుడారాలు అయిదు వేసి ఉన్నాయి. పొయ్యిలు తవ్వుతున్నారు. జుమాదిల్ ఇంజిన్ శబ్దం దూరం నుంచే విన్నాడనుకుంటాను, నేను దిగేసరికి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. నన్ను పలకరించి, ప్రయాణం ఎలా జరిగిందని అడిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంజిన్ ఆపొద్దని చెప్పి వెనక్కి వెళ్ళి, తల మీది తెల్ల ఉన్ని టోపీ తీసి పైపు మూతికి అదిమిపెట్టాడు. ఆ పరీక్ష అతనికీ తెలుసు. పెద్దలు ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. ఇంజిన్ దగ్గి, దగ్గి, ఆగిపోయింది.

జుమాదిల్ గడ్డిలో వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. చాలాసేపు రాలేదు. కింద నుంచే మాట్లాడాడు.

"వదినా, ఈ కట్టు ఎవరు కట్టారు?"

"నేనే. కనుమ కింద."

"దాని లోపల ఇంకోటుంది కదా. అది అన్నయ్య చేసిందా?"

"కాదు. కొలత నాది. ఆయన అడిగాడు. నేను అప్పుడు గీసివ్వలేదు."

అతను బయటికి వచ్చి, టోపీ మీది మసి దులిపి తల మీద పెట్టుకున్నాడు. ఇంజిన్ విషయం ఆ రోజే కాదు, తరవాత కూడా ఎత్తలేదు. గడ్డి కోతల నెలలో బండి అతని దగ్గరే ఉంచుతానని, బడి తెరిచేలోగా తెచ్చి ఇమ్మని నేనే చెప్పాను. తీగ కట్టు తీసేసి సరిగ్గా అతికిస్తానన్నాడు. పై రేకు తియ్యకుండా అతికించమన్నాను.

అత్తయ్య గుడారంలోంచి వచ్చింది. బండి ముందు భాగం మీద అరచెయ్యి పెట్టి, గుర్రం మెడ నిమిరినట్టు ఒకసారి నిమిరి, వేడిగా ఉందంది. తరవాత నా మోచెయ్యి చూసింది. పొయ్యిల వైపు తిరిగి, పెద్ద కుండలకి నీళ్ళు చాలవని, మనుషులు మోస్తే సాయంత్రం దాకా అవుతుందని, బండి వచ్చింది కాబట్టి బండిలోనే తెద్దామని చెప్పింది.

"దీన్ని కోస్తామన్నారు కదా. కొయ్యడానికి బదులు పని చెప్తే పోయె. పద."

ప్లాస్టిక్ డబ్బాలు పన్నెండు వెనక ఎక్కించారు. ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. ఏటి ఒడ్డున రాళ్ళ మీదికి నిదానంగా దింపాను. నేను బకెట్‌తో ముంచుతుంటే ఆవిడ డబ్బాలు పట్టుకుంది. డబ్బాల మూతులు ఇరుకు, సగం నీళ్ళు బయటే పోతున్నాయి. గుడ్డ ఏదైనా ఉందా అని ఆవిడ బండి ముందు సొరుగు తెరిచింది. రేకు గొట్టాలు మూడూ బయటికి తీసింది.

"ఇవేమిటి?"

"ఆయన చేసినవి."

ఆవిడ వాటిని ఒక్కొక్కటే తిప్పి చూసింది. మేకు గీతలు ఉన్నదాన్ని కాస్త ఎక్కువసేపు చూసింది. నేను విప్పినదాన్ని మళ్ళీ మడిచి పక్కన పెట్టింది. మేకు గీతలదాని ఇరుకు మూతిని డబ్బాలోకి దింపి, వెడల్పు మూతిని గుప్పెటతో పట్టుకుని, పొయ్యమంది. పోశాను. మడత దగ్గర సన్నగా కారి ఆవిడ మణికట్టు మీదుగా పోయింది.

"కారుతోంది అత్తయ్యా" అన్నాను.

"కారనీ. పొయ్యి."

డబ్బా నిండింది. ఆవిడ మూత బిగించి రెండోది ముందుకి లాగింది.